ఏడో వాక్యం పైకెక్కిన ఉదయం

ఆ ఉదయం మాస్టారు పెట్టుకున్న పని ఒక్క నిమిషానిది. ల్యాప్‌టాప్ తెర మీద ఏడు వాక్యాల నోటీసు ఒకటి సిద్ధంగా ఉంది. అందులో ఆరో వాక్యాన్ని మొదటి స్థానానికి జరిపి, తొమ్మిదింటిలోగా అపార్ట్‌మెంటు వారి ఫోన్ గ్రూపులో పెట్టాలి. గోడ గడియారం ఎనిమిదీ అయిదు చూపిస్తోంది. నిమిషం పనికి యాభై అయిదు నిమిషాల వ్యవధి ఉండడం, ముప్ఫై నాలుగేళ్ళు భౌతికశాస్త్రం బోధించి విరమించిన ఆయనకు కొంచెం విలాసంగానే తోచింది.

పదహారు ఫ్లాట్ల ఆ భవనానికి ఆయన కార్యదర్శి. పది గంటలకు అగ్నిమాపక అధికారి వచ్చి ఫైర్ డ్రిల్ చూస్తారు. గంట మోగిన అయిదు నిమిషాల్లో జనమంతా గేటు దగ్గరికి చేరితే భవనం పాసైనట్టు. పాసైతే డాబా తలుపుకు తాళం పడదు. మాస్టారికి కావలసింది అదే. డాబా మీద నీళ్ళ ట్యాంకు పక్కన ఆయన టెలిస్కోపు ఉంది. పన్నెండేళ్ళుగా ఆయన సాయంకాలాలన్నీ దాని వెనకే గడిచాయి. డ్రిల్ తప్పితే మాత్రం డాబాను శాశ్వతంగా మూసేయాలని కమిటీ నిర్ణయించింది.

ఆ ఆలోచన ప్రెసిడెంటుగారిది. ఆయనకు తాళాలంటే ప్రీతి. మోటారు గదికి, మీటర్ల పెట్టెకు, తోటలోని కుళాయికి తాళాలు వేయించి, తనివి తీరక, ఫిర్యాదుల పెట్టెకు చీటీ వేసే సందు మీద కూడా ఒకటి వేయించిన ఘనుడు. "పైకి ఎక్కితేగా కింద పడేది" అన్నది డాబా విషయంలో ఆయన వాదం. నడవడం వల్లనే కాళ్ళు విరుగుతున్నాయి కనుక కాళ్ళు కట్టేసుకుందామన్నట్టుందని మాస్టారి ప్రతివాదం. చివరికి ఇద్దరూ డ్రిల్ ఫలితానికి కట్టుబడ్డారు.

క్రితం ఏడాది డ్రిల్ తప్పింది. ఒకావిడ గేటు దాకా వచ్చి, చేతిసంచి మరిచిపోయానని వెనక్కి వెళ్ళింది. ఆవిడ ఇంకా రాలేదేమని భర్త వెళ్ళాడు. ఇద్దరూ రాలేదేమని తోడికోడలు వెళ్ళింది. ఎవరి తెలివి వారు ఉపయోగించడమే వైఫల్యానికి కారణమని మాస్టారు విశ్లేషించి, ఒక తీర్మానం పెట్టి గెలిపించుకున్నారు: "నోటీసులో ఉన్నదే చేయాలి. ఉన్న వరుసలోనే చేయాలి. సొంత తెలివి వాడరాదు." సర్వీసంతా పిల్లలకు సొంత తెలివి వాడమని చెప్పిన మనిషి ఇలాంటి తీర్మానం ఎలా చేశారని అడగడానికి ఆ సమావేశంలో పిల్లలెవరూ లేరు.

ఆ నిమిషం పని పుట్టించింది ఆయన భార్య. కాసేపటి క్రితం కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టి, తెర వైపు వంగి నోటీసు చదివింది. గంట మోగగానే నివాసులు చేయవలసినవి ఆరు: గ్యాసు కట్టేయడం, మెయిన్ స్విచ్ ఆపడం, తలుపు దగ్గరికి వేసి బయటికి రావడం, కిందికి దిగి గేటు పక్కన నిలబడడం, ఎవరి అంతస్తు వాళ్ళు లెక్క చెప్పడం, లిఫ్టు వాడకపోవడం. దాని కింద 'వాచ్‌మన్ చేయవలసినది' అన్న శీర్షిక. ఆ శీర్షిక కింద ఏడోది: మెట్లెక్కి డాబా మీదికి వెళ్ళి, అక్కడ ఎవరూ లేరని రూఢి చేసుకున్న తర్వాతే కిందికి దిగాలి.

"లిఫ్టు వాడొద్దన్నది ఆరోదా?" అంది ఆవిడ.

"అవును. ఏం?"

"లిఫ్టులో కిందికి దిగి, గేటు దగ్గర నిలబడి, అప్పుడు తీరిగ్గా ఆరోది చదువుకుంటారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోమన్నట్టుంది."

మాస్టారు సాక్ష్యాన్ని తోసిపుచ్చే రకం కాదు. "నిజమే. మొదటికి జరుపుతాను. నిమిషం పని."

"అది కొట్టేసి పైన మళ్ళీ రాసేయండి, పోతుంది."

"బల్ల జరపాలంటే విరగ్గొట్టి, పక్కగదిలో కొత్తది చేయించుకుంటామా? పట్టుకుని లాగితే అదే వస్తుంది."

"పోనీ అమ్మాయి ల్యాప్‌టాప్‌తో పాటు మౌసు కూడా ఇచ్చిందిగా. తెచ్చిపెట్టనా?"

"అది అక్కర్లేదనేగా ఇక్కడ ఈ పలక పెట్టారు. వేలు ఉంది, పలక ఉంది. ఇంకేం కావాలి?"

"ఏమో. నాకేం తెలుసు" అని ఆవిడ వంటింట్లోకి వెళ్ళింది. నలభై ఏళ్ళ కాపురంలో ఆ మాట ఆవిడ అనడం, తర్వాత ఆయన ఓడడం ఎన్నిసార్లు జరిగిందో మాస్టారు ఎన్నడూ లెక్కపెట్టలేదు. లెక్కపెట్టి ఉంటే ఒక సూత్రమే తేలేది.

పద్ధతి ఆయనకు క్షుణ్ణంగా తెలుసు. పాయింటరును వాక్యం మొదట్లో నిలపాలి. టచ్‌ప్యాడ్‌ను రెండుసార్లు తట్టి, రెండోసారి వేలు ఎత్తకుండా వాక్యం చివరిదాకా జరపాలి. వాక్యం నీలంగా మారుతుంది. ఆ నీలం మీద మళ్ళీ అలాగే తట్టి, వేలు ఎత్తకుండా పైకి లాక్కెళ్ళి, కావలసిన చోట వదలాలి. సిద్ధాంతంలో లోపం లేదు. లోపం ప్యాడ్ వైశాల్యంలో ఉంది. వాక్యం సగంలో ఉండగానే వేలికి ప్యాడ్ అయిపోయింది. వేలెత్తితే నీలం ఆగిపోయింది. ఎత్తకుండా జరపడానికి చోటు లేదు.

ఆయన బల్ల సొరుగులోంచి చిన్న నోటుబుక్కు తీశారు. ఒకసారి జరిగింది యాదృచ్ఛికం కావచ్చు, మూడుసార్లు జరిగితేనే ఫలితమన్నది ఆయన నియమం. అందువల్ల ప్రతి పొరపాటునూ మూడేసిసార్లు చేసి, సమయంతో సహా రాసుకున్నారు. నాలుగో ప్రయత్నంలో నోటీసు మొత్తం నీలమైపోయింది. కరెంటు తీగ తగిలినవాడిలా ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. ఏడో ప్రయత్నంలో అరచేతి మొదలు ప్యాడ్‌కు తగిలి పాయింటరు తెర మూలకు పారిపోయింది. పదో ప్రయత్నంలో వాక్యం నిజంగానే ఊడివచ్చింది గాని, దారిలో జారిపడి, 'కరెంటు మెయిన్ లిఫ్టు వాడరాదు స్విచ్ ఆపాలి' అని ఒక కొత్త ఆదేశం పుట్టింది. చేసిన పనిని చేయనట్టు మార్చే మీటలు కీబోర్డు మీద ఉన్నాయి. జరిగిన కాలం వెనక్కి తిరగదని అన్నేళ్ళు పాఠం చెప్పిన మనిషికి అవి నొక్కడం కొంత సిగ్గనిపించింది. సిగ్గుపడుతూనే పద్నాలుగుసార్లు నొక్కారు.

ఎనిమిదిన్నరకు భార్య చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఇంకా నిమిషం అవలేదా?"

"వేలి తడికీ జారుడుకీ ఉన్న సంబంధం తేలాలి."

"అది తేలేలోగా బిల్డింగు అంటుకుంటుంది."

"మాట్లాడించకు. మాట్లాడితే వేలు అదురుతోంది."

మొండివాడు రాజు కంటే బలవంతుడంటారు. టచ్‌ప్యాడ్ కంటే కూడానా అన్నది మాత్రం సామెత చెప్పదు. పదహారు నుంచి ఇరవై రెండు వరకు ప్రయత్నాలు ఆయన ఎడమ చేత్తో కుడి మణికట్టును పట్టుకుని చేశారు. ఎనిమిదీ యాభై ఎనిమిదికి, ఇరవై మూడోసారి, ఊపిరి బిగబట్టి తట్టారు. ఆ తట్టుకు పాయింటరు వెంట్రుకవాసి కిందికి జారి, శీర్షిక దాటి, ఏడో వాక్యం మీద నిలిచింది. అది నీలమైంది. లాగితే, ఎన్నడూ లేని విధేయతతో, నోటీసు మొదటికి వచ్చి కూర్చుంది.

మాస్టారు ఊపిరి వదిలి లెక్క సరిచూశారు. అంకెలు యంత్రమే వేసుకుంటుంది గనుక ఒకటి నుంచి ఏడు దాకా సక్రమంగా ఉన్నాయి. ముందు ఏడు, ఇప్పుడు ఏడు. ఏదీ నశించలేదు, ఏదీ కొత్తగా పుట్టలేదు. పైకి వచ్చింది ఏ వాక్యమన్న ప్రశ్న ఆయనకు తట్టలేదు. దాదాపు గంటసేపు ఒకే వాక్యాన్ని తదేకంగా చూసినవారికి ప్రతి వాక్యమూ అదే వాక్యంలా కనిపిస్తుంది. మళ్ళీ ప్యాడ్‌ను ముట్టుకుంటే ఏమవుతుందోనన్న భయంతో, తెరను ఫోన్‌తో ఫొటో తీసి, అదే గ్రూపులో పెట్టేశారు. అడుగున ఒంటరిగా మిగిలిన 'వాచ్‌మన్ చేయవలసినది' అన్న శీర్షిక ఫొటోలో ఆయన బొటనవేలి వెనక ఉండిపోయింది. నోటుబుక్కులో '23: విజయం' అని రాసి కింద గీత గీశారు.

తొమ్మిదీ పదికి ఫోన్ మోగింది. రెండో అంతస్తులో ఇంట్లోనే క్లినిక్ నడుపుకునే పళ్ళ డాక్టరమ్మ.

"మాస్టారూ, ఆ మొదటిది అందరూ చేయాల్సిందేనా?"

"మొదటిదే ముఖ్యమమ్మా. అది చేయకపోతే మిగతావి చేసీ లాభం లేదు."

"మా అత్తయ్యగారు కూడానా? ఆవిడకు మోకాళ్ళు వంగవు."

"నిప్పుకు మోకాళ్ళతో పనేముందమ్మా? లిఫ్టు మాట తలపెట్టొద్దు. కుర్చీలో కూర్చోబెట్టి ఇద్దరు మోయండి."

"అంత దూరమా?"

"అంత దూరమూ."

"సరేలెండి. మీరు ఆలోచించకుండా రాయరుగా" అని ఆవిడ పెట్టేసింది. మాస్టారు ఆ మాటకు తృప్తిపడ్డారు.

పదింటికి అగ్నిమాపక అధికారి వచ్చారు. మితభాషి, చేతిలో కాగితాలు బిగించిన పలక, మెడలో స్టాప్‌వాచ్. మాస్టారు ఆయన్ను గేటు దగ్గర నిలబెట్టి, గోడ మీద సుద్దతో గీసిన అంతస్తుల వారీ గళ్ళు చూపించారు. వాచ్‌మన్ గంట మోగించి, చేతులు కట్టుకుని అక్కడే నిలబడ్డాడు.

"నువ్వు పైకి వెళ్ళవేం?" అన్నారు మాస్టారు మెల్లగా.

"నాకేమీ రాయలేదుగదండీ. తీర్మానం ఉంది గదా అని ఆగిపోయాను."

మాస్టారికి అర్థం కాలేదు. ఇంతలో మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించి ఆయన ముఖం వికసించింది. ఒక నిమిషం గడిచింది. చప్పుడైతే ఉంది గాని దగ్గర కావడం లేదు. రెండు నిమిషాలు. చప్పుడు సన్నబడుతోంది. చప్పుడు సన్నబడుతోందంటే అది పుట్టే చోటు దూరమవుతోందని ఎనిమిదో తరగతి పాఠం. ఆ పాఠాన్ని ఆయన మొదటిసారి నమ్మకూడదనుకున్నారు.

నాలుగు నిమిషాలకు అధికారి స్టాప్‌వాచ్ ఎత్తి చూశారు. "ఇళ్ళలో ఎవరూ లేరా మాస్టారూ?"

"యాభై ముగ్గురు ఉండాలండి."

"ఉంటే ఎక్కడున్నారు?"

ఎక్కడో పైన, ఆకాశానికి దగ్గరగా, ఎవరో తుమ్మారు.

ఇద్దరూ మెట్లెక్కారు; వెనకే వాచ్‌మన్ కూడా. నాలుగో అంతస్తు దాటగానే వరుస తోక కనిపించింది. చివర కుర్చీలో డాక్టరమ్మ అత్తగారు, పల్లకిలో ఊరేగుతున్న ధీమాతో. ఆవిడ పక్కన నోట్లో దూదితో ఒక పేషెంటు. ఇంకో నాలుగు మెట్ల పైన మాస్టారి భార్య, చంకలో గొడుగుతో, మడత స్టూలు వేసుకుని కూర్చుని ఉంది.

"నువ్విక్కడేం చేస్తున్నావు?" అన్నారు మాస్టారు.

"మొదటిది చేస్తున్నాను."

"మొదటిది ఏమిటి?"

ఆవిడ ఫోన్ ఆయన చేతికిచ్చింది. మాస్టారు చదివారు. మళ్ళీ చదివారు. మూడోసారి చదివినా ఫలితం అదే వచ్చింది.

"తప్పని తెలిసీ నాకు చెప్పలేదేం?"

"సొంత తెలివి వాడొద్దని తీర్మానం చేసింది ఎవరు? ఎండగా ఉంటుందని గొడుగు మాత్రం తెచ్చుకున్నాను. అది నోటీసులో లేదు, తప్పే."

వరుస ఎందుకు కదలడం లేదని అధికారి అడిగారు. "పైన తాళం ఉంది సార్" అంది డాక్టరమ్మ. డాబా తలుపు ముందు ప్రెసిడెంటుగారు చెమటలు కక్కుతూ, ముప్ఫై నాలుగు తాళంచెవుల గుత్తిలోంచి ఒక్కొక్కటే పెట్టి చూస్తున్నారు. గుర్తులు పెడితే దొంగకు సులువవుతుందని ఆయన దేనికీ గుర్తు పెట్టలేదు. పంతొమ్మిదోది తిరిగింది. యాభై ముగ్గురూ డాబా మీదికి వెళ్ళి, ట్యాంకు చుట్టూ, టెలిస్కోపు చుట్టూ నిలబడి, ఒకరినొకరు చూసుకోసాగారు.

"ఇక దిగండి" అన్నారు అధికారి.

ఎవరూ కదల్లేదు.

"ఎలా దిగుతాం సార్?" అంది డాక్టరమ్మ, ఫోన్ చూపిస్తూ. "ఇక్కడ ఎవరూ లేరని రూఢి చేసుకున్నాకే దిగాలి. ఇంతమంది ఉన్నారుగా."

అధికారి ఆ వాక్యాన్ని నిదానంగా చదివారు. ఆయన ముఖంలోకి కోపం రావడానికి బయల్దేరి దారిలో ఎక్కడో ఆగిపోయింది. "ఈ నోటీసు ఎవరు తయారుచేశారు?"

"మాస్టారు ఇలా రాయరండీ" అంది డాక్టరమ్మ గబగబా. "కంప్యూటర్లో ఏదో వైరస్ దూరి మార్చేసి ఉంటుంది."

అధికారి తల కొంచెం ఊగింది. ఒప్పుకోవడానికి ఆయన సిద్ధంగానే ఉన్నారు. అవునంటే చాలు, డ్రిల్ వాయిదా పడుతుంది, టెలిస్కోపు ఉన్నచోటే ఉంటుంది. మాస్టారు దాని ఇత్తడి గొట్టం వైపు ఒక్కసారి చూశారు. దెయ్యాన్నైనా వైరస్‌నైనా, చూడకుండా నిందించడం ఆయనకు చేతకాదు.

"వైరస్ కాదండీ. నా వేలు" అని, సాక్ష్యంగా నోటుబుక్కు జేబులోంచి తీసి ఇచ్చారు.

అధికారి పుటలు తిప్పారు. "'పది: వాక్యం జారిపడింది. పదిహేను: వేలు పొడిగా ఉంది, వాక్యం కదల్లేదు. ఇరవై మూడు: విజయం.'" చివరి మాట ఆయన కొంచెం గట్టిగానే చదివారు. డాబా మీద నవ్వు గుప్పున లేచింది. దూది అడ్డున్నా పేషెంటు కూడా నవ్వాడు.

నవ్వనివారు ప్రెసిడెంటుగారొక్కరే. ఆయన ముందుకు వచ్చారు. "విన్నారుగా సార్. డ్రిల్ తప్పింది. తీర్మానం ప్రకారం డాబాకు తాళం పడాలి. మాస్టారూ, మీ గొట్టం దింపించుకోండి."

మాస్టారు తల వంచి, టెలిస్కోపుకు కప్పే గుడ్డను మడతపెట్టడం మొదలుపెట్టారు.

"ఆగండి" అన్నారు అధికారి. "తాళం పడాలంటున్నారు. మరి ఇందాక మీరు తీసింది ఏమిటి?"

"అదా? ఎలాగూ వేయాల్సిందే కదాని నిన్న రాత్రి మాస్టారు దిగాక వేసి ఉంచాను. ముందుజాగ్రత్త."

"నువ్వు ఇవాళ పైకి వచ్చి చూడాలి కదా. తాళం చూసి ఏం చేద్దామనుకున్నావు?" అని అధికారి వాచ్‌మన్‌ను అడిగారు.

"మెట్ల దాకా వెళ్ళి, తల ఊపి దిగిపొమ్మన్నారండి" అన్నాడు వాచ్‌మన్, ప్రెసిడెంటుగారి వైపు చూడకుండా.

అధికారి స్టాప్‌వాచ్ చూశారు. "ఈ తలుపు తెరుచుకోవడానికి ఆరు నిమిషాలు పట్టింది. పొగ అంతసేపు ఆగదు. ఈ నెలలో పదకొండు బిల్డింగులు చూశాను. అన్నిచోట్లా జనం చక్కగా దిగి గేటు దగ్గర నిలబడ్డారు. నేను టిక్కులు పెట్టి వెళ్ళిపోయాను. మంట కింది మెట్ల దగ్గరే పుడితే వీళ్ళందరూ రావలసింది ఇక్కడికి. పైతలుపు ఎలా ఉందో చూడాలని నాకూ తోచలేదు. మీరు లాగిన వాక్యం చూపించింది." పలక మీద ఏదో రాశారు. "డ్రిల్ తప్పింది. అది తప్పినట్టే. డాబా తలుపుకు మాత్రం ఇకమీదట తాళం గాని గొళ్ళెం గాని ఉండకూడదు."

"మరి కమిటీ తీర్మానం?" అన్నారు ప్రెసిడెంటుగారు.

"మీరు దీనికి తాళం వేస్తే, నేను బిల్డింగుకు వేస్తాను. నా దగ్గర ఒకటే ఉంది, చెవి కూడా ఒకటే."

తాడి తన్నేవాడి తల తన్నేవాడు దొరికినట్టు ప్రెసిడెంటుగారు గుత్తిని చప్పుడు కాకుండా జేబులో వేసుకున్నారు. మాస్టారు మడతపెట్టిన గుడ్డను మళ్ళీ విప్పి టెలిస్కోపు మీద కప్పారు.

ఇక జనాన్ని దింపాలి. మాస్టారు గొంతు సవరించుకుని, "తీర్మానం రద్దు. ఎవరి తెలివి వారు వాడుకోవచ్చు" అని ప్రకటించారు. గ్యాసు కట్టడం రెండోది కనుక తామెవరూ కట్టలేదని అప్పుడు అందరికీ ఒకేసారి గుర్తొచ్చింది. యాభై ముగ్గురి సొంత తెలివీ ఒకే తలుపు వైపు పరుగెత్తింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు; ఒక గిన్నె పాలు మాత్రం మాడాయి. అవి ఎవరివో, ఒక ఇంటి తలుపు దగ్గర ఎంతసేపటికీ ఆగని ఆ గుత్తి చప్పుడును బట్టి తెలిసింది.

గేటు దగ్గర అధికారి మోటారు సైకిలెక్కుతూ మాస్టారి వైపు తిరిగారు. "పది రోజుల్లో మళ్ళీ వస్తాను. నోటీసు బాగానే ఉంది మాస్టారూ. ఆ మొదటి వాక్యాన్ని దాని చోటికి లాగేయండి, చాలు. నిమిషం పని."

గొడుగు మడుస్తున్న భార్య భర్త ముఖంలోకి చూసింది. "మౌసు తీసి పెట్టనా?"

"అక్కర్లేదు" అని మాస్టారు నోటుబుక్కు తెరిచి, కొత్త పుటలో ఇరవై నాలుగు అంకె వేసి, పక్కన చోటు వదిలారు. నిమిషం పనికి పది రోజుల వ్యవధి ఉంది. ఈసారి అది ఆయనకు విలాసంగా తోచలేదు.